పొయ్యికి పెట్టిన దమ్

పోయిన నెలలో ఒక పొద్దున మా తమ్ముడి కూతురు నిహారిక ఫోన్ చేసి, "అత్తా, నువ్వొకసారి రావాలె. నా పొయ్యి పొగ కక్కుతున్నది," అన్నది. ఛత్రినాకలో ఒకప్పుడు మా బర్రెల కొట్టం ఉన్న చోట ఇప్పుడు మా తమ్ముడి మేడ ఉంది. ఆ మేడ మీద ఈ పిల్ల కట్టెల పొయ్యి ఒకటి పెట్టించుకుని రొట్టెలు కాలుస్తుంది. రొట్టెలంటే మనం చేసుకునేవి కావు, గట్టి పెంకు ఉన్న దొరల రొట్టెలు. వాటి కోసం మూసీ అవతలి నుంచి కార్లు వేసుకుని వస్తారు. వచ్చినవాళ్ళు కారు ఎక్కడ పెట్టాలో తెలియక వీధంతా లొల్లి చేస్తారు. నేను ఉండేది దబీర్‌పురా స్టేషన్ దగ్గర. ఆటో ఎక్కి వెళ్ళేసరికి నిహారిక పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప తలుపు సందులో వార్తాపత్రిక ముక్క పెట్టి లాగుతూ ఉంది. ఇంకో చేతిలో ఫోన్.

"ఏం చేస్తున్నవే?" అని అడిగాను.

"తలుపు అంచు సీలు లూజైందేమోనని చూస్తున్న. కాగితం పెట్టి తలుపు మూసి గుంజాలెనట. అల్కగ వచ్చిందంటే ఆడ సందున్నట్టు. ఫోన్ చెప్పింది."

నాకు నవ్వు ఆగలేదు. పక్కన పిండి బస్తా ఉంటే దాని మీద కూర్చుండిపోయాను. ఆ పిల్లకు కోపం వచ్చింది. "ఏంది అత్తా, గంత నవ్వు?" అన్నది. "ఏం లేదే, ఈ ముచ్చట నీ ఫోన్ కంటే ముందు ఇదే జాగల నేను చెప్పిన. అప్పుడు నన్ను ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టినంత పని చేసిన్రు," అన్నాను. ఆ సంగతి చెబుతూ ఉంటే రొట్టెల పిండి పొంగి గిన్నె దాటింది. అక్కడ సగమే చెప్పాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

మా ఇల్లు పాల ఇల్లు. పొద్దు పొడవకముందే బర్రెల గంటలు, తవుడు నానిన కుడితి వాసన, పాలు పితికే చప్పుడు. మొదట ఖాళీ బకెట్టులో టంగుటంగుమని మోగి, నిండేకొద్దీ మెత్తబడే ఆ చప్పుడుతోనే నేను నిద్ర లేచేదాన్ని. పాలు వాడలో వాళ్ళకు పోసి, మిగిలినవి కాచి కోవా చేసేవాళ్ళం. కోవా చేయడమంటే పెద్ద కడాయి ముందు కూర్చుని, పాలు చిక్కబడి, పసుపు చాయకు తిరిగి, గరిటెను వదలకుండా పట్టుకునేదాకా తిప్పడమే. చెయ్యి ఆగితే అడుగంటుతుంది. ఆ పని నాది. మా నాయన తల్లిని మేము బాపమ్మ అనేవాళ్ళం. ఆమె పీట వేసుకుని నా ఎదురుగా కూర్చుని, నా చెయ్యి ఆగుతుందా అని చూసేది. ఆమె ముక్కులో ఎప్పుడూ నశ్యం ఉండేది. నశ్యం పీల్చి, తుమ్మి, ముక్కు కొంగుతో తుడుచుకుని, మళ్ళీ నా చెయ్యి వైపు చూసేది. ఆమె చీరల కొంగులన్నీ ఒకే రంగు, ఏ చీర అయినా.

ఏడో తరగతితో బడి నాకు చెప్పవలసింది చెప్పేసిందని మా ఇంట్లో వాళ్ళు తీర్మానించారు. మా వాడ గ్రంథాలయం మాత్రం అలాంటి తీర్మానమేదీ చేయలేదు. బాపు, అంటే మా నాయన, హామీ సంతకం పెడితే నాకు సభ్యత్వ కార్డు ఇచ్చారు. నేను వరసపెట్టి చదివాను. కథల బీరువా అయిపోయాక చరిత్ర బీరువా, అది అయిపోయాక, ఎవరూ తెరవక తాళం తుప్పు పట్టిన బీరువా. చదివిన ప్రతి సంగతీ ఇంట్లో చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బినట్టుండేది. తిమింగలం చేప కాదనీ, పిల్లకు పాలిస్తుందనీ ఒకరోజు అన్నం తింటూ చెప్పాను. బాపమ్మ ముద్ద ఆపి, "పూటకు ఎన్ని పాలిస్తదట?" అని అడిగింది. ఆ పుస్తకంలో ఆ సంగతి లేదు. "గది రాయనోడు ఇంకేం రాసిండు?" అని ఆమె ముద్ద మింగింది. ఆ రోజు నుంచి నా చదువు మీద ఆమె అభిప్రాయం మారలేదు.

అప్పటిదాకా మా కోవా పొయ్యి అందరికీ ఉండే మామూలు పొయ్యే. ఉస్మాన్‌గంజ్ వైపు మిఠాయి దుకాణం ఉన్న ఒక సేఠ్ మా కోవా రోజూ కావాలన్నాక, బాపు ఉత్సాహంగా కొత్త భట్టి కట్టించాడు. ఇటుకల భట్టి, పైన కడాయి కూర్చునే గుండ్రటి నోరు, వెనక రేకుల కప్పును దాటి పైకి పోయే ఇటుకల పొగగొట్టం. ముందర కట్టెలు పెట్టే నోటికి తలుపు కావలసి వచ్చింది. బాపు పాత సామాన్ల బజారుకు పోయి, తాళం పాడైన పాత తిజోరీ తలుపును మోయించుకుని వచ్చాడు. బరువైన నల్లటి తలుపు, మధ్యలో తిప్పే ఇత్తడి పిడి. వాడంతా వచ్చి చూసింది. "మీ ఇంట్ల నిప్పును గూడ తిజోరీల దాస్తరా మల్లేశా?" అని మా నాయనను ఆటపట్టించారు. రేషన్ దుకాణం లచ్చక్క మాత్రం రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని, "అబ్బబ్బ, భట్టి గాదు, రాజుల కోట లెక్కున్నది!" అన్నది. ఆమె అటు పోగానే బాపమ్మ నా తల చుట్టూ, బర్రె తల చుట్టూ, భట్టి చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. భట్టికి మెటికలు విరవడం నేను చూడటం అదే మొదలు.

మొదట్లో భట్టి బాగానే మండింది. ఉగాదికి ఇంటికి సున్నం వేయించుకున్నాం. ఆ తర్వాత ఎప్పటి నుంచో సరిగ్గా చెప్పలేను కానీ, కోవా తిప్పుతుంటే కళ్ళు మండటం మొదలైంది. కడాయి అంచు చుట్టూ సన్నగా నీలం పొగ లేచేది. తిజోరీ తలుపు పక్కల నుంచి కూడా వచ్చేది. కొట్టంలో బర్రెలు తుమ్మేవి. బాపమ్మ కూడా తుమ్మేది కానీ ఆమె తుమ్ముకు వేరే కారణం ఉందని ఎవరం పట్టించుకోలేదు. పాలకు ఒక గుణం ఉంది. పక్కన ఏ వాసన ఉంటే దాన్ని పట్టుకుంటుంది. ఇక కోవా సంగతి చెప్పాలా?

ఒకరోజు సేఠ్ స్వయంగా స్కూటరు మీద వచ్చాడు. మంచం మీద కూర్చుని, చాయ తాగి, గొంతు సవరించుకున్నాడు.

"మల్లేశ్ భాయ్, బురా మత్ మానో, ఏమనుకోకు. నిన్న ఒక గిరాకీ బర్ఫీ నోట్ల ఏసుకొని, 'సేఠ్, ఇది బర్ఫీనా, బీడీనా?' అన్నడు."

బాపు ముఖం మాడిపోయింది. బాపమ్మ చిటికెడు కోవా ముక్కు దగ్గర పెట్టుకుని, "నాకేం వాసన రాలే," అన్నది.

"నీ ముక్కుకు నశ్యం తప్ప ఇంకేదన్న దొరుకుతదా అమ్మా?" అన్నాడు బాపు.

సేఠ్ మర్యాదస్థుడు. "బోనాల దాకా చూస్త. అప్పటికి గూడ గిట్లనే ఉంటే నేను వేరే జాగ చూసుకుంట," అని చెప్పి వెళ్ళాడు. ఆయన స్కూటరు మలుపు తిరగగానే బాపమ్మ నా వైపు వేలు చూపించింది.

"పొగ గాదు, పాడు గాదు. గీ పిల్ల కడాయి ముందల పుస్తకం తెరుస్తది. చెయ్యి ఆగుతది, పాలు అడుగంటుతయి. గదే వాసన. రేపే పోయి ఆ కార్డు వాపస్ ఇచ్చిరా."

"అడుగంటితే మాడు వాసనొస్తది బాపమ్మా. ఇది పొగ వాసన. రెండూ ఒకటి గాదు."

"మస్తు తెలుసు నీకు. గది గూడ పుస్తకంల సదివినవా?"

బాపు ఇద్దరి మధ్యా నలిగే మనిషి. ఆయనకు కార్డు మీద కోపం లేదు కానీ సేఠ్ పోతాడన్న ఫికర్ ఉంది. కోవా చెడుతున్నదన్నది నిజం, కడాయి ముందు నేను పుస్తకం తెరిచేదాన్నన్నదీ నిజం. అప్పుడు నేనే ఎగిరి, "బోనాల లోపల పొగ సంగతి నేను తేలుస్త. తేల్చకపోతే కార్డు నేనే ఇచ్చేస్త. తేలిస్తే మాత్రం ఇంకెప్పుడూ ఎవ్వరూ కార్డు ఊసెత్తొద్దు," అన్నాను. బాపు సరేనన్నాడు. బాపమ్మ నశ్యం డబ్బీ మూత టక్కున మూసింది. అది ఆమె సంతకం.

తుప్పు తాళం బీరువాలో ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది, చలిదేశాల ఇళ్ళ గురించి. మొదటి పేజీలో వరుసగా ఇళ్ళ కప్పులు ఉన్న పెద్ద ఫోటో. లోపల వాళ్ళ కట్టెల పొయ్యిల మీద ఒక అధ్యాయం. ఒక్కొక్క మాటకూ నిఘంటువు తిరగేస్తూ చదివాను. ఒక మాట నిఘంటువులో దొరక్కపోతే దాని పక్కన మాటలన్నీ చదివి, సందులో దూరిన మనిషిని కాళ్ళు పట్టి లాగినట్టు అర్థం బయటికి లాగాను. ఆ పొయ్యిలకు ఇనుప తలుపులుంటాయట. తలుపు అంచున తాడు లాంటిది బిగించి ఉంటుందట. అది అరిగితే పొగ ఇంట్లోకి వస్తుందట. అరిగిందో లేదో తెలియాలంటే తలుపు సందులో ఒక కరెన్సీ నోటు పెట్టి, మూసి, లాగి చూడాలట. ఇది చదివి నేను గంతు వేసినంత పని చేశాను. మాదీ ఇనుప తలుపే. పైగా తిజోరీది. నోటుకూ దానికీ ఎప్పటి నుంచో చుట్టరికం.

తిన్నగా బాపమ్మ దగ్గరికి పోయి, "ఒక రూపాయి నోటియ్యి," అన్నాను.

"ఎందుకు?"

"పొయ్యి తలుపుల పెట్టాలె."

బాపమ్మ బొడ్డుసంచి మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. "పొయ్యికి గూడ లంచమిచ్చే కాలమొచ్చిందా? ఓ మల్లేశా! ఇగో, నీ బిడ్డ సదువు యాడికొచ్చిందో సూడు!"

చివరికి చింపిన క్యాలెండరు కాగితంతో పరీక్ష చేశాను. కింది వైపు కాగితం రాలేదు, చిరిగింది. పై మూల దగ్గర మాత్రం వెన్నలో నుంచి వెంట్రుక వచ్చినట్టు జారి వచ్చింది. తలుపు వంకర. తిజోరీలో దొంగలను ఆపడానికి చేసిన తలుపు పొగను ఆపలేకపోతున్నది. సందు ఉందని తేలింది. ఇక దాన్ని మూయాలి. ఆ పుస్తకం చెప్పిన తాడు సంగతి మా వాడలో ఎవరూ వినలేదు. జనపతాడు పెడితే కాలిపోతుంది. ఏం పెట్టాలా అని గోడ ఎక్కి కూర్చుని ఆలోచిస్తున్నాను. గోడ అవతల జైతూన్ ఖాలా ఇల్లు. ఆమె పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే మనిషి. ఆ సమయానికి ఆమె పెద్ద హండీ మీద మూత పెట్టి, చుట్టూ గోధుమపిండి ముద్దను తాడులా పేని అంటిస్తూ ఉంది. లోపలి ఆవిరి వెంట్రుకంత కూడా బయటికి పోకుండా. అదే దమ్ పెట్టడం. ఇంత పక్కనే ఉండగా చలిదేశాల దాకా ఎందుకు పోయానా అనిపించింది.

మర్నాడు తెల్లవారుజామునే నేను పిండి కలిపాను. బాపమ్మ లేచేలోపల తిజోరీ తలుపు చుట్టూ పిండి తాడు అంటించి, తడి చేత్తో నున్నగా రుద్ది, కడాయిలో పాలు పోశాను. కాసేపు ఏమీ కాలేదు. తరువాత కమ్మటి వాసన మొదలైంది. పొగ వాసన కాదు, పెనం మీద రొట్టె కాలే వాసన. తమ్ముడు నిద్రలో నుంచే, "అక్కా, నాకు బెల్లం ఏసియ్యి," అన్నాడు. బాపు కూడా వచ్చి వాసన పీల్చి, "ఎవరింట్ల రొట్టెలు?" అన్నాడు. నేను గర్వంగా తలుపు చూపించబోతున్నాను. అప్పుడే కడాయి చుట్టూ నుంచి పొగ బుస్సుమని లేచింది. ఇదివరకు సన్నగా వచ్చేది ఇప్పుడు లావుగా వచ్చింది. కొట్టం నిండిపోయింది. నేను దగ్గుతూ బయటికి పరిగెత్తాను. కడాయిలో పాలు చూస్తుండగానే బూడిద రంగుకు తిరిగాయి.

బాపమ్మ గుమ్మంలో నిలబడి ఎంతో సంతోషంగా, "మస్తు బాగుపడ్డది బిడ్డా!" అన్నది.

తలుపు తెరిచి మంట ఆర్పి, పొగ పోయేదాకా అందరం బయట ఉన్నాం. ఆ సందట్లో మా రాణి తాడు తెంపుకుంది. రాణి మా పెద్ద బర్రె. అది నేరుగా భట్టి దగ్గరికి పోయి, చల్లారుతున్న తలుపు చుట్టూ ఉన్న నా కాలిన పిండినంతా పైనుంచి కిందికి, కింది నుంచి పైకి కొరికి, నాకి, నమిలి తినేసింది. "ఒక్కరికన్న కడుపు నిండింది," అన్నాడు బాపు. ఆయన ఎగతాళి చేస్తున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. బోనాలు దగ్గర పడ్డాయి. నేను గూట్లో ఉన్న కార్డు వైపు చూడలేకపోయాను.

పొగ చూసి గోడ మీద నుంచి జైతూన్ ఖాలా తల పెట్టింది. సంగతి విని ఆమె గోడ పట్టుకుని నవ్వింది. "యా అల్లా! అరె బేటీ, హండీకి దమ్ పెడ్తరు. భట్టీకి దమ్ ఉండాలె. గది శ్వాస పిల్లా! రెండూ ఒకటేనా?"

ఆమె నవ్వడానికి అన్నది కానీ నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తలుపు సందు మూస్తే పొగ తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. అంటే తలుపు సందు నుంచి వచ్చే పొగ దారి తప్పిన పొగ కాదు, దారి లేక వచ్చిన పొగ. ఆ ఒక్క నోరూ నేను మూసేస్తే అది కడాయి దగ్గర ఇంకో నోరు తెరిచింది. మరి దాని అసలు నోరు ఏమైంది? మా పెరట్లో నుంచి చూస్తే రేకుల కప్పు అడ్డం, పొగగొట్టం కొస కనిపించదు. "ఖాలా, ఒకసారి మీ మిద్దె ఎక్కుత," అని చెప్పి ఎక్కాను. ఆమె కూడా మోకాళ్ళు పట్టుకుంటూ నా వెనకే ఎక్కింది.

పొగగొట్టం కొస మీద ఒక కుండ బోర్లించి ఉంది. నల్లగా మసి పట్టిన కుండ. దాని మీద సున్నంతో పెట్టిన పెద్ద పెద్ద చుక్కలు.

"గది మీ భట్టీ టోపీ గదా?" అన్నది ఖాలా. "మీ ఇంటికి సున్నం ఏసినప్పటి సంది ఉన్నది. నేను కొత్త ఫ్యాషన్ అనుకున్న."

ఆ చుక్కలు ఎవరివో నాకు తెలుసు. మా ఇంట్లో ప్రతి దూడ నుదుటి మీదా, ప్రతి గుమ్మం మీదా అలాంటి చుక్కలే. సున్నం వేసే మనిషిని నిచ్చెన ఎక్కించి బాపమ్మ పెట్టించింది. లచ్చక్క కన్ను మా భట్టి మీద పడిందని, ఇంటికి కట్టే దిష్టికుండను తెచ్చి భట్టి నెత్తిన పెట్టించింది. ఆ రోజు నుంచి మా భట్టికి ఊపిరాడలేదు. సేఠ్ బర్ఫీ బీడీ అయింది. నేను మిద్దె మీద కూర్చుని ఎంతసేపు నవ్వానో. ఖాలాకు చెబితే ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది.

నవ్వు తగ్గాక చిక్కు అర్థమైంది. కిందికి పోయి, "పొగకు కారణం బాపమ్మ," అని అరిస్తే పందెం గెలుస్తాను. కానీ సాయంత్రంలోగా ఇంకో కుండ ఎక్కుతుంది. బోనాల ముందు దిష్టికుండ తీసేసిన పిల్లనని, ఆ తరువాత బర్రె తుమ్మినా నా మీదికే వస్తుంది. కుండ ఉండాలి, పొగ పోవాలి. మధ్యాహ్నం బాపమ్మ కునుకు తీసే వేళ చూసి, నీళ్ళ బిందె కింద పెట్టే మూడుకాళ్ళ ఇనుప స్టాండు ఒకటి పట్టుకుని ఖాలా మిద్దె మీద నుంచి మా గోడ మీదికి, గోడ మీద నుంచి పొగగొట్టం దగ్గరికి పాకాను. కుండ తీయగానే లోపలి నుంచి మసి నా ముఖం మీదికి రాలింది. స్టాండును ఇటుకల మీద మట్టితో అదిమి, దాని మీద కుండను మళ్ళీ బోర్లించాను. ఇప్పుడు కుండకూ గొట్టానికీ మధ్య జానెడు ఖాళీ. కింద ఖాలా, "జర సంభాల్కే, పైలం!" అని అరుస్తూనే ఉంది.

తలుపు సంగతి కూడా వదల్లేదు. ఆ పై మూల సందు నిజమే కదా. బంకమట్టి, జల్లించిన బూడిద, కాస్త బెల్లం నీళ్ళు కలిపి భట్టి నోటి చుట్టూ మెత్తి, దాని మీద నెయ్యి రాసిన కాగితం పరిచి తలుపు మూశాను. ఆరాక తెరిస్తే తలుపు వంకర ఎంతో మట్టిలో అంతే అచ్చు పడి ఉంది. కాగితం ఊడి వచ్చింది. రాణి వచ్చి వాసన చూసి, నిరాశతో వెళ్ళిపోయింది.

సేఠ్ మళ్ళీ వచ్చిన రోజు బాపు కోవా ముద్దను ఆకులో పెట్టి ఇచ్చాడు. సేఠ్ కొంచెం తీసుకుని, కళ్ళు మూసుకుని, నాలుక మీద తిప్పాడు. బాపు ఊపిరి బిగబట్టాడు. నేను కూడా. "క్యా బాత్ హై! బీడీ ఆరిపోయింది," అన్నాడు సేఠ్. బాపు నా వైపు తిరిగి నోరు తెరిచేలోపల, ఆకుకూర కొనడానికి వీధి చివరి దాకా పోయిన బాపమ్మ కేకలు పెడుతూ వచ్చింది.

"నా కుండ లేచి నిలబడ్డది! ఓ మల్లేశా, నా దిష్టికుండను ఎవరో కదిలిచ్చిన్రు! బోనాల ముందట! ఎవరో ఏంది, గిదే! ముఖం మీద మసి సూడు, ఎంత కడిగినా పోలే!"

బాపు ఒక చేతిలో కోవా, ఇంకో చేత్తో తల పట్టుకుని నిలబడ్డాడు. "కోవ మంచిగైంది గదనే అమ్మా," అన్నాడు మెల్లగా.

"కోవ ఇయ్యాల మంచిగుంటది, రేపు బర్రె ఎండిపోతది. అప్పుడేం తిప్పుతవు కడాయిల? కార్డు వాపస్ ఇచ్చిరమ్మను. ఇచ్చేదాంక నేను ముద్ద ముట్ట."

సేఠ్ లేవాలా, కూర్చోవాలా అని చూశాడు. కూర్చున్నాడు. నేను లోపలికి పరిగెత్తి పుస్తకం తెచ్చి, మొదటి పేజీ తెరిచి బాపమ్మ ఒళ్ళో పెట్టాను. వరుసగా ఇళ్ళ కప్పులు. ప్రతి కప్పు మీదా ఇటుకల పొగగొట్టం. ప్రతి గొట్టం మీదా, నిజం చెబుతున్నాను, మట్టి కుండల వరుస. అవి కిందా మీదా తెరిచి ఉన్న గొట్టాల్లాంటివని, పొగ వాటిలో నుంచే పోతుందని నేను చదివాను. ఆ వివరం ఆ పూటకు అవసరం లేదనిపించింది.

"ఇగో సూడు బాపమ్మా. చలిదేశాల దొరల ఇండ్లు. ఏమున్నయి నెత్తిన?"

బాపమ్మ పుస్తకాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, పక్కకు తిప్పి చూసింది. "కుండలే," అన్నది. ఆమె గొంతు మారింది. "అన్నీ కుండలే. దొరలకు గూడ దిష్టి తెలుసా?"

"తెలుసు. గాకపోతే వాళ్ళు పొగకు దారి ఇడిసి, పైకెత్తి పెడ్తరు. కుండ ఎత్తుల ఉంటే దూరం కన్ను గూడ తగులదు. నేను గట్లనే పెట్టిన."

సేఠ్ దగ్గాడు. బాపమ్మ ఇంకా ఫోటోనే చూస్తున్నది. "మరి చుక్కలేవి?"

ఇది నేను అనుకోలేదు. "దూరం నుంచి తీసిన ఫోటో గదా," అన్నాను. "చుక్కలు కనపడయి."

ఆమె నశ్యం డబ్బీ తీసి, పీల్చి, తుమ్మి, పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "కార్డు ఉంచుకో. ఆ దొరసానులు బర్రెలకు దిష్టి ఎట్ల తీస్తరో గది గూడ సూసిరా," అన్నది. సాయంత్రానికి మా కుండ దొరల పద్ధతి కుండ అని వాడంతా తెలిసిపోయింది. లచ్చక్క వచ్చి తన ఇంటి మీద కూడా అలా పెట్టించుకోవచ్చా అని అడిగితే, "పుస్తకం సదవాలె దానికి," అని బాపమ్మ బదులిచ్చింది.

బోనాలు అయిపోయాక ఒకరోజు ఆమె తలకు నూనె రాస్తున్నాను. ఎండలో కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ఉన్నట్టుండి, "ఆ ఫోటోల చుక్కలు కనపడయన్నవు గదా," అన్నది.

"అవును బాపమ్మా."

"ఒక కుండ మీద పిట్ట కూసున్నది. పిట్ట కండ్లు గూడ కనపడ్డయి నాకు."

నా చెయ్యి ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరవలేదు. "రాయి, రాయి. చెయ్యి ఆపకు," అన్నది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేను కార్డుతో గ్రంథాలయానికి బయలుదేరిన ప్రతిసారీ మాత్రం గుమ్మంలో కూర్చుని, "పిట్టను సరిగ్గ సూసిరా," అనేది. ఇంట్లో మిగతావాళ్ళకు అదేమిటో ఎన్నడూ అర్థం కాలేదు.

ఆ రోజు ఇందులో సగమే విన్న నిహారిక, "అయితే నా పొయ్యి మీద గూడ ఎవరన్న కుండ పెట్టిన్రంటవా?" అన్నది. వెళ్ళి చూశాం. కుండ లేదు, రేకు టోపీ ఉంది. దాని కింద చినిగిన ఎర్ర పతంగి ఒకటి మాంజాతో సహా చుట్టుకుని గొట్టం నోరు మూసేసింది. లాగి పారేస్తే పొయ్యి నిమిషంలో ఊపిరి తీసుకుంది. తలుపు సీలు నిక్షేపంగా ఉంది. "ఫోన్ పైకెక్కి చూడమని చెప్పలే అత్తా," అని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. "దానికి కాళ్ళు లేవు గదనే," అన్నాను.

వారం తరువాత మళ్ళీ ఫోన్. ఈసారి ఏడుపు గొంతు. పొగ పోయాక గిరాకీలు కొందరు రొట్టెలో రుచి పోయిందంటున్నారట. ఆ పొగ వాసన కోసమే అంత దూరం నుంచి వస్తున్నామని ఒకాయన ఫోన్‌లో రాశాడట. నాకు మా బాపు ముఖం గుర్తొచ్చింది. బర్ఫీనా, బీడీనా అని అడిగిన ఆ గిరాకీ తొందరపడి పుట్టాడు. ఇప్పుడు ఉంటే బీడీ వాసన బర్ఫీకి ఇంకో నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టేవాడు. ఆ భట్టి, రాణి, కుడితి వాసన, కాలిన పిండి కమ్మదనం, బాపమ్మ కొంగు, ఏవీ ఇప్పుడు ఆ మేడలో లేవు. అక్కడ దేనికీ వాసన లేదు. అందుకే కాబోలు, కాస్త పొగ కోసం మనుషులు అంత దూరం వస్తున్నారు. కార్డు మాత్రం ఇంకా నా సంచిలో ఉంది, అంచులు మెత్తబడి.

మళ్ళీ నిహారిక దగ్గరికి పోతూ, దారిలో కుమ్మరి దుకాణం దగ్గర ఆటో ఆపి ఒక కుండ కొన్నాను. నిహారిక పొయ్యి మీద రేకు టోపీ తీసేసి, మూడుకాళ్ళ స్టాండు మీద కుండను బోర్లించాం. ఈసారి జానెడు ఎత్తు కాదు, నాలుగు వేళ్ళు. గిరాకీలకు కావలసినంత పొగ అందుతుందని. దించుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. తరువాత నేను కూర్చుని సున్నంతో చుక్కలు పెడుతుంటే ఆ పిల్ల ఊరుకోలేదు.

"చుక్కలు ఎందుకత్తా?"

"చలిదేశాల్ల గిట్లనే పెడ్తరు. నేను పుస్తకంల చూసిన."

వెంటనే ఫోన్ తీసింది. చలిదేశాల ఇళ్ళ కప్పులు, పొగగొట్టాలు, కుండల వరుసలు. వేళ్ళతో లాగి లాగి పెద్దది చేసింది. "యాడ ఉన్నయి? ఒక్క చుక్క గూడ లేదు."

"ఇంకా పెద్దది చెయ్యి," అన్నాను.